మా మిద్దె లోపలి మెట్లు

మా పుట్టింటి గోడలు ఎంత మందమంటే, ఒక దొంగ ఉగాది నాడు కన్నం వేయడం మొదలుపెట్టి దీపావళికి గానీ లోపలికి రాలేకపోయాడని, అప్పటికి వాడు ఎముకల గూడైపోయి ఉంటే మా అవ్వ జాలిపడి సంగటి ముద్ద పెట్టి పంపించిందని నేను చాలామందికి చెప్పాను. మా అత్తగారి ఊరు చిక్కబళ్ళాపురంలో ఈ కథను నమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. నేను చెప్పేదాంట్లో సగం అబద్ధమని మా ఆయన అంటాడు. మిగతా సగం ఆయన వినడు. అందుకే మా అన్న అశ్వత్థ ఆ రోజు పొద్దున్నే చింతామణి బస్సు దిగి వచ్చి, మా వాకిట్లో చెప్పులు విడవకముందే, "ఇంటిని గురించి నువ్వొక్క కథ కూడా చెప్పొద్దు, నేను చెప్పేది విను" అన్నాడు.

అన్న చెప్పింది పెద్ద సంగతేమీ కాదు. మా ఊరు చింతామణి నుంచి మురుగమల్ల దర్గాకు పోయే దారిలో ఉంది. ఆ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. యాత్రకు పోయే బండ్లు పెరిగాయి, రోడ్డు పక్కన ఇల్లున్న ప్రతివాడూ ముందర అంగళ్ళు, పైన ఇల్లు కట్టుకుంటున్నాడు. మన పాత మిద్దెను పడగొట్టి మనమూ కట్టుకుందాం, జేసీబీవానికి కూడా చెప్పి పెట్టినా, నీ సంతకం ఒకటి కావాల, అంతే, అన్నాడు. మా నాయన పోయేటప్పుడు వీలునామా ఏమీ రాయలేదు కాబట్టి ఆ ఇంట్లో నాకూ వాటా ఉంది. ఆడబిడ్డకు వాటా ఇమ్మని సర్కారు చట్టం చేసింది నా మాటలు విని విసిగిపోయేనని నేను ఊళ్ళో చెప్పుకుంటూ ఉంటాను.

"పోయిన వానకు పడసాలంతా చెరువే అయిపాయె," అన్నాడు అన్న. "ఆ మన్ను మిద్దెలో యేముండాదని పట్టుకుని యేలాడల్ల?"

"మెట్లుండాయి."

"యే మెట్లు?"

"లోపలి మెట్లు."

అన్న నవ్వాడు. "మెట్లే కావాలంటే కొత్తింట్లో గ్రానైట్ మెట్లు పెట్టిస్తా. పొద్దుగూకులూ ఎక్కి దిగుతాండు."

"ఆ మెట్లు ముందు ఎవరెక్కినారో నీకూ తెలుసు కదన్నా."

నవ్వు ఆగింది. "అదెప్పటి మాటో. ఇప్పుడు యెవురికి కావాల అది?"

"నాకు," అన్నాను. కాఫీ ఇచ్చాను. సంతకం ఇవ్వలేదు.

ఆ వారంలోనే నేను ఊరికి పోయాను. అన్న సంసారం చింతామణికి మారినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. తలుపు తీయగానే ముఖానికి కొట్టింది తడి మన్ను వాసన. దాని వెనుక, ఎక్కడో దూలాల్లో దాక్కున్నట్టు, మల్బరీ ఆకు వాసన. ఆ ఇంట్లో పట్టుపురుగులు మేసి ఎన్నేళ్ళయిందో. అయినా గోడలు ఆ వాసనను వదల్లేదు. చిన్నప్పుడు మేము ఆ వాసనలోనే నిద్రపోయాం, ఆ వాసనలోనే అన్నం తిన్నాం. పొయ్యి పొగ, సున్నం, నాననేసిన రాగులు, చలికాలంలో అయితే పితుకుపప్పు పులుసు, వీటన్నిటి కిందా పరిచినట్టుగా ఎప్పుడూ మల్బరీ ఆకు. పురుగులు పెద్దవయ్యాక పడసాలలో తట్టల మీద తట్టలు పేర్చి ఆకు వేస్తే, వేలవేల నోళ్ళు ఒకేసారి మేసే చప్పుడు సన్నని వాన పడుతున్నట్టు ఉండేది. ఆ చప్పుడు లేని రాత్రుల్లో మాకు నిద్రపట్టేది కాదు.

ఆ ఇంటికి పెద్ద మా అవ్వ గంగమ్మ. తాత ముందే పోయాడు. నాయన ఉన్నాడు గానీ, అవ్వ దగ్గినప్పుడు ఆయన తుమ్మడానికి కూడా అనుమతి అడిగే రకం. అవ్వ కాకుల కంటే ముందు లేచి తిట్లు మొదలుపెట్టేది. ముందు ఆవును, తర్వాత పొయ్యిని, తర్వాత మమ్మల్ని. పురుగులున్న దినాల్లో మాత్రం గొంతు తగ్గించేది. గట్టిగా మాట్లాడితే పురుగులు బెదురుతాయని ఆమె నమ్మకం. ఆమెకు ఇంకా చాలా నమ్మకాలుండేవి. స్నానం చేయనివాళ్ళు పురుగుల దగ్గరికి రాకూడదు. బాలింత రాకూడదు, బయటివాళ్ళు అసలే రాకూడదు. వస్తే అంటు తగిలి, నాలుగో జ్వరం లేచిన పురుగు కూడా గూడు కట్టకుండా నల్లబడి చస్తుంది. పురుగు కుబుసం విడవడానికి మేత మాని పడుకోవడాన్ని మా పక్క జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే ఇక గూడు కట్టడమే.

మిద్దె సంగతి చెప్పాలి. దూలాల మీద దంతెలు, వాటి మీద ఆకూ కంపా, ఆపైన మన్ను. అన్నిటికీ పైన చౌడు. చౌడు అంటే గడ్డి కూడా మొలవని తెల్లని ఉప్పుమన్ను, నీటిని కిందికి దిగనివ్వదు. ప్రతి ఏడూ రోహిణి ఎండల్లో, ముంగారు వానలకు ముందు, మిద్దె మీద కొత్త చౌడు వేసి తొక్కాలి. ఆ పని మాదిగ వాడ నుంచి వచ్చేవాళ్ళది. మునెప్ప అనే పెద్దమనిషి వాళ్ళకు ముందుండేవాడు. మా ఇంట్లో మిద్దె పైకి పడసాల నుంచి రాతి మెట్లున్నాయి. మేము మిరపకాయలు ఎండబెట్టడానికి, గాలిపటం ఎగరేయడానికి ఆ మెట్లే ఎక్కేవాళ్ళం. మునెప్ప మనుషులు మాత్రం బయట గోడకు వెదురు నిచ్చెన వేసుకుని, నెత్తిన గంపలతో ఎక్కి దిగేవాళ్ళు. వాళ్ళు గడప దాటకూడదు. నాకు అప్పుడు వింతగా తోచలేదు, అందరి ఇళ్ళలోనూ అంతే. కింద మేము సంగటి తింటుంటే పైన వాళ్ళు తొక్కే చప్పుడు వినిపించేది, పళ్ళెంలో మన్ను రాలేది. మా నెత్తి మీద నడవవచ్చు, మా గడప మీద కాలు పెట్టకూడదు. మునెప్ప మా నాయన కంటే పెద్దవాడు. మేము పిల్లకాయలం కూడా అతన్ని "ఒరే మునిగా" అనే పిలిచేవాళ్ళం.

నేను బడికి పోయే కాలంలో ఒక ఏడు మునెప్ప గంపలు లేకుండా వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు, వెనుక వాడ మగవాళ్ళూ ఆడవాళ్ళూ. అతని కూతురు సరోజ కూడా ఉంది, నా ఈడుదే. అవ్వ జగిలి అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తోంది.

"చౌడు ఏస్తామవ్వా," అన్నాడు మునెప్ప. "ఐతే నిచ్చెన యెక్కం. లోపల మెట్లుండాయి గదా, వాటిమింద యెక్కుతాం."

అవ్వ కత్తెర ఆగింది. "యేం, నిచ్చెనకు యేమొచ్చె?"

"పోయినేడు నా తమ్ముడు గంపతో పడి నడుం ఇరగ్గొట్టుకున్యాడు. మంచంలోనే ఉండాడు ఇప్పుటికీ. మీ మెట్లమింద నుంచి ఎప్పుడన్నా ఎవురన్నా పన్యారా?"

"లోపల పురుగులు పెట్టుకోనుండాం కదరా. అంటు తగిలితే యెట్ల?"

"మీ నెత్తిమింద నడిస్తే తగలని అంటు, పక్కన నడిస్తే తగులుతుందా అవ్వా?"

అవ్వ మళ్ళీ వక్క కత్తిరించసాగింది. మునెప్ప తలగుడ్డ సర్దుకుని, మిగతా ఇళ్ళ ముందర కూడా ఆ మాటే చెప్పడానికి పోయాడు.

సాయంత్రానికి ఊరి పెద్దలు కూడి, ఎవరూ తలుపు తీయకూడదని ఒక్క మాట అనుకున్నారు. కెంచార్లహళ్ళి పక్క నుంచి మనుషులను పిలిపించారు. వాళ్ళు వచ్చి, ముందు మునెప్ప వాళ్ళ వాడలో నీళ్ళు తాగి, సంగతి విని, అట్నుంచి అటే తిరిగిపోయారు. పోయి తమ ఊళ్ళో కూడా లోపలి మెట్లే అడిగారంటారు. ఇది నేను కల్పించింది కాదు, కావాలంటే ఆ పక్క అడగండి. ఇక మా రైతులు మేమే వేసుకుంటామని పంతం పట్టారు. నాయన, పక్కింటి ఇద్దరు కలిసి, ఎవరూ చూడకుండా తెల్లవారకముందే బండి కట్టారు. అయితే రైతు చేతికి మంచి మన్ను అంటే ఒకటే మన్ను. వాళ్ళు చెరువు వెనుక చౌటినేలకు పోలేదు, అంత పనికిరాని మన్నును తమ ఇంటిపైన వేసుకోవడానికి చేతులు రాలేదు. మా పొలంలో అన్నిటికంటే బాగా పండే మడి నుంచి, ఎరువు తిన్న మన్నును తెచ్చి మిద్దెనిండా పరిచారు. తొలి జల్లు పడింది. నాలుగు దినాలకు మా మిద్దె మీద రాగి మొలిచింది. పక్కింటి మేక మేత మాని రోజంతా తలెత్తి మా ఇంటివైపే చూస్తూ నిలబడేది. పంట కోతకు వచ్చిందని, అవ్వ పైనే కళ్ళం వేయించిందని కూడా నేను చెబుతుంటాను, అది వదిలేయండి. మొలిచింది మాత్రం నిజం.

తర్వాత అసలు వాన వచ్చింది. పండే మన్ను నీళ్ళను ఎంత ప్రేమగా తాగుతుందో అంత ప్రేమగానూ కిందికి వదిలింది. పడసాలలో ఒక మూల మొదలైన కారుడు దూలం వెంబడి పాకింది. గిన్నెలు పెట్టాం, బిందెలు పెట్టాం. పురుగులు నాలుగో జ్వరం లేచి మేస్తున్నాయి. తడి తగిలితే ఆకు కుళ్ళుతుంది, కుళ్ళిన ఆకు తింటే పురుగు పోతుంది, ఆ పంట పోతే ఏడాది తిండి పోయినట్టే. అవ్వ తట్టలను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మారుస్తూ ఉంది. పొడిచోటు చాప అంతయింది, తర్వాత పీట అంతయింది. తెల్లవారి వాన కాస్త తెరిపి ఇవ్వగానే అవ్వ కొంగు బిగించి, నన్ను చేయిపట్టుకుని వాడ దాకా నడిచింది. ఆమె అంతకుముందు అటు పోయింది లేదు. మొదటి గుడిసె దగ్గర నిలబడి మునెప్పను పిలిచింది.

"రా. మిద్దె కారుతాండాది."

"యే దోవన అవ్వా?"

అవ్వ నా చేయి వదిలి, మళ్ళీ పట్టుకుంది. "నీకు యే దోవ కావాలో ఆ దోవనే రా. పురుగులు చస్తే మాత్రం పాపం నీదే."

"చస్తే వానకు చస్తాయవ్వా," అన్నాడు మునెప్ప, గంప అందుకుంటూ. "నాకు కాదు."

చుట్టాలు వస్తే కాళ్ళు కడుక్కునే తొట్టి దగ్గర వాళ్ళు కాళ్ళు కడుక్కున్నారు. మునెప్ప గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు, తర్వాత కుడికాలు లోపల పెట్టాడు. పడసాలలో తట్టల మధ్య నుంచి ఒకరి వెనుక ఒకరు నడిచి మెట్లెక్కారు. అందరికంటే వెనుక సరోజ. తట్టలో నుంచి జారి నేల మీద పడ్డ పురుగు ఒకటి ఆమె కాలి ముందు ఉంది. వంగి, రెండు వేళ్ళతో ఎత్తి, ఆకు మీద పెట్టి, పైకి పోయింది. అవ్వ చూసింది, నేనూ చూశాను. ఇంకో క్షణానికి ఆ పురుగు మిగతావాటిలో కలిసిపోయింది. ఏ పురుగుకు అంటు తగిలిందో ఏరి పారేయాలన్నా ఇక సాధ్యం కాదు.

వాళ్ళు మొలిచిన మన్నంతా ఎత్తిపోసి, వాన ఆగినప్పుడల్లా చౌడు వేసి తొక్కారు. కారుడు ఆగింది. ఊరు మాత్రం మాతో మాట్లాడటం మానేసింది. మంగలి రాలేదు, చాకలి రాలేదు, నిప్పు అడిగితే లేదన్నారు. అందరూ ఎదురుచూసింది పురుగుల చావు కోసం. చేటకనో జల్లెడకనో వంక పెట్టుకుని వచ్చి తొంగిచూసి పోయేవాళ్ళు. బడి దారిలో సరోజ కూడా రోజూ అడిగేది.

"చచ్చినాయా?"

"లేదు."

"ఒకటి కూడానా?"

"ఒకటి కూడా."

చివరికి పురుగులు పండు రంగుకు తిరిగాయి. వాటిని గూళ్ళు కట్టడానికి చంద్రికెలనే వెదురు తడికెల మీదికి ఎక్కించారు. తల ఊపుతూ నూలు వదలడం మొదలుపెట్టాయి. గూళ్ళు గట్టిపడ్డాక అవ్వ ఒకదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల గలగలమనేది విని, ఆ చంద్రికెను మోసుకొచ్చి జగిలి మీద, వీధిలో పోయేవాళ్ళందరికీ కనపడేటట్టు నిలబెట్టింది. ఒక్కొక్క గూడు కోడిగుడ్డంత ఉందని నేను చెబుతూ వచ్చాను. లేదు, ఎప్పటిలాగే ఉన్నాయి. ఎప్పటిలాగే ఉండటమే ఆ ఏడు పెద్ద సంగతి.

తర్వాత ఒక్కొక్క ఇల్లే తలుపు తీసింది. ఎవరి మనసూ మారలేదు, అందరి మిద్దెలూ కారాయి. అవ్వ కూడా దేవతేమీ కాలేదు. మునెప్పకు కాఫీ ఇచ్చిన లోటాను ఆమె చాలా ఏళ్ళు నిప్పుల మీద చూపించి గానీ లోపల పెట్టుకునేది కాదు. కానీ మా నోట "మునిగా" అని వస్తే చీపురుకట్ట ఎత్తేది. "తాతా అనండి. మీ నాయన చేత కానిది చేసినోడు." తర్వాత్తర్వాత వాడ కుర్రవాళ్ళు సాయంత్రాలు ఆ మెట్లెక్కి మా మిద్దె మీద కూడుకునేవాళ్ళు. టీ అంగట్లో వాళ్ళకు వేరే గ్లాసులుండేవి, చూరులో గుచ్చి పెట్టేవాళ్ళు. ఆ గ్లాసులు ముట్టకూడదని, అందరి గ్లాసులే అడగాలని అనుకున్నది మా మిద్దె మీదే. అడిగిన దినం తలలు పగిలాయి. దెబ్బలు తగిలినవాళ్ళను తెచ్చి పడుకోబెట్టింది మా పడసాలలోనే. వాళ్ళను పట్టుకుపోవడానికి పోలీసులు వస్తే అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని, "లోపల పురుగులు మేస్తాండాయి స్వామీ. బయటోళ్ళు అడుగు పెడితే చస్తాయి" అంది. వాళ్ళూ పట్టు పండించే ఊళ్ళవాళ్ళే, తలాడించి వెనక్కి పోయారు. ఆ దినం మా ఇంట్లో ఒక్క పురుగు లేదు. అబద్ధం చెప్పడం నాకు ఎవరి నుంచి వచ్చిందో మా ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఇవన్నీ ఆ కారిన పడసాలలో కూర్చుని తలుచుకుంటుంటే అన్న వచ్చాడు. వాదులాట అయింది. చివరికి ఆయనే అన్నాడు, "సరే. ఈ ముంగారుకు కారకుండా నిలబెట్టు చూస్తాం. కారితే సంతకం పెట్టల్ల, మాట్లాడకూడదు." ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గుర్తొచ్చింది, చౌడు వేసేవాళ్ళెవరు? వాడ పేరు ఇప్పుడు కాలనీ. పిల్లలు బెంగళూరు గార్మెంట్స్ బస్సులెక్కుతున్నారు, ఒకరిద్దరు పోలీసుల్లోనే చేరారు. ఊళ్ళో చౌడు మిద్దె మాదొక్కటే మిగిలింది. నేను గుడిబండెకు పోయాను. సరోజ అక్కడ హైస్కూల్లో మేడం. మునెప్ప తాత పోయి చాలా ఏళ్ళయింది.

సరోజ అంతా విని, టీ ఊదుకుంటూ తాగింది. "అంటే, మా వాళ్ళను పిలుచుకోని రమ్మంటావు. గంపలెత్తడానికి."

"ఇల్లు నిలబడాల కదా సరోజా. మీ నాయన పేరు..."

"మా నాయన మీ ఇల్లు నిలబెట్టల్లని కొట్లాడలేదు తల్లీ. ఆ గంప మా నెత్తిన నుంచి దించల్లని కొట్లాడినాడు. ఇప్పుడు ఆయన పేరు చెప్పి మళ్ళీ గంప ఎత్తుకోమంటావా?"

దానికి నా దగ్గర కథ లేదు. లేచి వచ్చేస్తుంటే గుమ్మంలో ఆమే అంది, "చౌడు యెట్లెయ్యల్లో నాకు తెలుసు. వచ్చి చెప్తా. నేను లోపలి మెట్లు ఎక్కుతా. మన్ను మీరు మొయ్యండి, నిచ్చెనమింద."

రోహిణి ఎండల్లో అదే జరిగింది. చెరువు వెనుక నుంచి ట్రాక్టరుతో చౌడు తెప్పించాను. సరోజ ఉతికిన చీర కట్టుకుని, గొడుగు వేసుకుని, పడసాల మెట్లెక్కి పైన కుర్చీ వేయించుకుని కూర్చుంది. నేను తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని మొదటి గంప ఎత్తుకున్నాను. నిచ్చెన నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయాను. రెండు చేతులూ గంపకే సరిపోయాయి, నిచ్చెన పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. రోడ్డు మీద జనం గుమిగూడారు. అన్న వచ్చి చూసి, చుట్టూ చూసి, పళ్ళు కొరుక్కున్నాడు.

"దిగు. మా ఇంటి ఆడబిడ్డ మన్ను మోస్తాంటే నేను నిలబడి చూడల్లనా?"

గంప లాక్కుని ఆయనే ఎక్కాడు. మా అన్న కొడుకులు, నా కొడుకు, వాళ్ళ స్నేహితులు కూడా వచ్చారు. అన్న మాత్రం ఎవరు చెప్పినా ఆపలేదు, పంతం. పైనుంచి సరోజ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఆడ పల్చన పడె అశ్వత్థన్నా. ఇంకో గంప. తొక్కల్ల, నిమరడం కాదు. మడిమెతో తొక్కు."

ముంగారు బాగానే పట్టింది ఆ ఏడు. ఇల్లు కారలేదని చెప్పాలని ఉంది. కారింది, దక్షిణం మూల, లోటా నిండేంత. నేను ఆ లోటాను పారబోసి దాచేశాను. అన్న చూశాడని నాకు తెలుసు, సంతకం మాత్రం అడగలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో టీ అంగట్లో అందరికీ పేపరు కప్పులే. గ్లాసుల గొడవ తీరిపోయిందని పెద్దమనుషులు అంటుంటారు. కప్పు తాగి పారేస్తాం కాబట్టి ఎవరు ఎవరి కప్పు కడగాలనే ప్రశ్నే రాదు, అది తీరడం కాదు, తప్పించుకోవడం. పెళ్ళిళ్ళలో ఏ వరుసలో ఎవరు కూర్చుంటారో చూడండి, ఇల్లు అద్దెకు అడిగిన గార్మెంట్స్ పిల్లను ముందుగా ఏమడుగుతారో వినండి. అప్పుడు గోడ బయట నిచ్చెన కనిపించేది, ఇప్పుడు నిచ్చెన కనిపించదు. అందుకే ఆ మెట్లు ఉండాలంటాను. నా కథలు నమ్మనివాడు పోయి ఎక్కి చూసుకోవచ్చు.

వానలు వెనకబట్టాక, ముందు చెప్పి పెట్టిన జేసీబీ వచ్చి ఇంటి ముందర ఆగింది. రద్దు చేయడం అన్న మరిచాడో, కావాలని మరిచాడో. ఆ దినం సరోజా నేనూ జగిలి మీదే ఉన్నాం. డ్రైవరు దిగి, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగాడు. అన్న లోపలి నుంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు.

"యాడా మొదలుపెట్టొద్దు. ఆ పైనుండే మన్ను నేను నెత్తిమింద మోసింది. దాన్ని యెవుడు కూలుస్తాడో నేనూ చూస్తా. బండి తిప్పు."

బండి తిరిగిపోయింది. నేను పొంగిపోయి ఏదో అనబోతుంటే సరోజ మెల్లగా అంది, "ఒక్క ఏడు మోస్తేనే ఇల్లంతా తనదైపాయెనంట. మా వాళ్ళు ఎన్ని తరాలు మోసినారో."

అన్న విన్నాడు. ఎగ్గట్టిన పంచె దించుకుని, "వచ్చే ఏడు నువ్వూ ఒక గంప ఎత్తు, మేడం. సరిపోతాది" అన్నాడు.

"మా వంతు ఎప్పుడో అయిపాయె అశ్వత్థన్నా," అంది సరోజ. "ఇంకొక నూరేండ్లు మీదే."